అందించని మాట

2023 జూన్. హుజూరాబాద్‌లోని ఒక ప్రైవేటు హైస్కూల్లో లైబ్రేరియన్‌గా చేరి అప్పటికి నాకు నాలుగేళ్లు. మా బడికి సొంత నాటక బృందం ఉంది. ఏటా జూన్‌లోనే, ఆ సంవత్సరం ఆడబోయే నాలుగు నాటకాల పేర్లు బోర్డు మీద రాసి గేటు పక్కన పెడతారు. రెండు మామూలువి, రెండు పాటలతో నడిచేవి. నేను ఆ బృందానికి ప్రాంప్టర్‌ని. అంటే తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని కూర్చుని, పిల్లలు డైలాగు మరిచిపోతే మొదటి పదం మెల్లగా అందించేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ చోటు హాయిగా ఉండేది.

ఆ ఏడాది మూడు పేర్లు ఖాయమయ్యాయి. నాలుగోది ఖాళీ. రెండేళ్లుగా డైరీ వెనక పేజీల్లో రాసుకున్న నాటకాన్ని తెల్లకాగితాల మీదికి ఎత్తి రాసి, హెడ్మాస్టర్ గారి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. మరునాడు ఆయన పిలిచారు.

“మంచిగనే రాసినవమ్మా. కాని సునీత టీచర్ గూడ ఒకటి తయారు జేసింది. పాటలున్నయట. శుక్రవారం గా నాటకం జూసి చెప్త.”

సునీత మా బడికి వచ్చి ఆరు నెలలే. వరండాలో ఆమె నడిస్తే పిల్లలు వెంట నడిచేవారు. పిల్లలు నా లైబ్రరీకి వచ్చినా ఆమె చెప్పిన పుస్తకం కోసమే. డైరీలో ఆమె పేరు రాయబుద్ధి కాక ‘ఆమె’ అని రాసేదాన్ని. అది చాలదన్నట్టు ఆమె నాటకానికీ నేనే ప్రాంప్టర్‌ని.

“అక్కా, నువ్వుంటే నాకు ఫికర్ లేదు,” అంది స్క్రిప్టు నా చేతిలో పెడుతూ. ఇద్దరిదీ ఒకే వయసు. ఆ ‘అక్కా’ కూడా నాకు గుచ్చుకుంది.

శుక్రవారం హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి, హెడ్మాస్టర్ గారి ముందు సునీత నాటకం ఆడించారు. తొమ్మిదో తరగతి శిరీష కూతురి వేషంలో, దుబాయిలో ఉన్న నాన్నతో ఫోన్లో మాట్లాడే ఘట్టం. మధ్యలో ఆగిపోయింది. నావైపు చూసింది. ‘నాకేం తేవద్దు బాపూ’ అన్న డైలాగు నా వేలి కిందే ఉంది. మొదటి పదం అందిస్తే చాలు.

నేను స్క్రిప్టు మూసేశాను.

అవతలి పక్క నిలబడ్డ సునీత ముఖం పాలిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అది చూస్తే నాకు బాగుంది.

శిరీష ఫోన్ను చెవికి గట్టిగా నొక్కుకుంది. “హలో... బాపూ, ఇనవడ్తలేదా? సిగ్నల్ పోయిందా? కట్ జెయ్యకు బాపూ, జర ఆగు...” అటు తిరిగింది, ఇటు తిరిగింది, బల్లెక్కింది. హాలంతా నవ్వింది. నవ్వి, ఒక్కసారే ఊరుకుంది. అలాంటి ఫోన్లు మా పిల్లల ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆయా లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆఁ, ఇనవడ్డది,” అంది శిరీష బల్ల మీంచి. “నాకేం తేవద్దు బాపూ.”

“గిదే పెడదాం,” అన్నారు హెడ్మాస్టర్ గారు.

సునీత పరుగున వచ్చి నా చేతులు పట్టుకుంది. “కావాల్ననే మాట అందియ్యలే గదా అక్కా? పిల్ల సొంతంగ తెచ్చుకోవాల్నని! నాకైతే గంత ధైర్యం లేదు.”

తలూపాను. ఆ సిగ్నల్ మాటలను స్క్రిప్టులో చేర్చే పని కూడా నాకే ఇచ్చింది. నా చేతిరాతతోనే చేర్చాను.

సోమవారం శిరీష పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వచ్చి, వెళ్లకుండా నిలబడింది.

“టీచర్, మీరు స్క్రిప్టు మూసిన్రు. నేను జూసిన. నామీద కోపమొచ్చిందా?”

“నీమీద కాదు.”

“మరెవల మీద?”

నేను రిజిస్టరు తెరిచి ఆ పుస్తకం నంబరు కొట్టేశాను. “నాటకం నాడు మూయకుండ్రి టీచర్,” అని శిరీష వెళ్లిపోయింది.

తెర పక్కన ఉంటే ఎవరికీ కనిపించనని నాలుగేళ్లు అనుకున్నాను. మాట మరిచిన పిల్ల మొదట వెతికేది ప్రాంప్టర్ ముఖాన్నే. నా పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. అసూయ మాత్రం పోలేదు. సునీత నవ్వు వినిపిస్తే ఇప్పటికీ లైబ్రరీ తలుపు దగ్గరికి వేస్తాను.

నాటకం రోజు శిరీష ఒక్క మాటా మరిచిపోలేదు. కానీ ఆ ఘట్టం రాగానే ఒకసారి నావైపు చూసింది. నా వేలు ఆ పదం కిందే ఉంది.