డెల్మర్ సంతకం

రంపపు మిల్లు నుంచి రాగానే డెల్మర్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు, పుస్తకానికి మరక అంటకూడదని. భార్య పోయిన ఈ రెండేళ్లలో ఆ పని ఒక్క సాయంత్రం తప్పలేదు. తర్వాత ఏడేళ్ల కూతురు ఐవాను పక్కన కూర్చోబెట్టుకుని ఎలుగుబంటి పిల్ల కథ చదువుతాడు. చదవడమంటే, అక్షరం ముక్క రాని మనిషి, బొమ్మలు చూసి అల్లేస్తాడు. ఏటి బొమ్మ దగ్గర ఎలుగు చేపలు పడుతుంది, మంచు బొమ్మ దగ్గర జారిపడి మూతి పగలగొట్టుకుంటుంది. ఐవా పడీపడీ నవ్వుతుంది. ఇరవై నిమిషాలు కాగానే, రోజూ ఇంట్లో పుస్తకం చదివినట్టు గుర్తుకి బడివాళ్లు పంపిన కాగితం ఫ్రిజ్ మీంచి తీసి, ఆ రోజు గడిలో సంతకం పెడతాడు. భార్య నేర్పిన అక్షరాలు అవే.

నిన్న బడికి వెళ్లి తిరిగొచ్చిన ఆ కాగితం మీద ఎర్ర సిరాతో ఏదో రాసి ఉంది. "చూశావా బంగారం, టీచరు మనల్ని మెచ్చుకుంది!" అన్నాడు.

ఐవా పెదాలు కదుపుతూ చదువుకుంది. 'ఐవా చెప్పిన కథ ఈ పుస్తకంలో లేదు. దయచేసి చదవకుండా సంతకం పెట్టకండి.'

"అవును నాన్నా, బాగా చదువుతున్నావంట," అంటూ పెన్ను అందించింది.

డెల్మర్ ఆ ఎర్ర అక్షరాల కిందే, పొందిగ్గా సంతకం పెట్టాడు. "ఇంకోసారి చదవనా?"

"వద్దులే, అలిసిపోయావు. ఇవాళ నేను చదువుతా."

డెల్మర్ కడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఐవా చదివిన కథలో ఎలుగు పిల్ల ఏటి దగ్గరికి చేపల కోసం వెళ్లలేదు. కనిపించకుండా పోయిన అమ్మను వెతుక్కుంటూ వెళ్లింది.