తాళాలు బెంచీ మీద పెట్టిన మనిషి

దయ్యాల మాట ఎత్తితే కొట్టడానికి పోయే రకం నేను. బడి మొహం చూడలేదు. బేతంచెర్లలో బండలు పాలిష్ పడుతూ, పొట్లాలు కట్టిన పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కంటికి కనపడనిదాన్ని నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను.

నా కూతురు సుజాత జైలు వార్డరు. రాష్ట్రం రెండు ముక్కలైనప్పుడు తెలంగాణ వైపు ఉండిపోయింది. ఇక్కడ కల్లూరులో వాళ్ళమ్మ మంచాన పడింది. ఆమెను చూసుకోవడానికి బిడ్డ ఇక్కడికి బదిలీ మీద రావాలి. అడిగితే, ముందు ఆంధ్రావాళ్ళు తీసుకుంటామనాలి అని తెలంగాణవాళ్ళు అంటారు. ముందు తెలంగాణవాళ్ళు వదలాలి అని ఆంధ్రావాళ్ళు అంటారు. రెండు రాష్ట్రాలూ తెలుగే మాట్లాడతాయి గదా, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏం రోగం? ఇన్నేళ్ళ సీనియారిటీ వదులుకుంటానని సంతకం పెట్టాకే అక్కడ వదిలారు.

ఇక్కడ ఆమెకు ఖాళీ చూపించిన కడప జిల్లా సబ్‌జైలుకు ఇద్దరం పోయాం. మిట్టమధ్యాహ్నం. జైలరు తలెత్తి చూడలేదు.

"మాకు ఆర్డరు రాలేదు మా. యెనక్కి పో."

అక్కడ పేరు కొట్టేశారు, ఇక్కడ ఎక్కించరు. నా బిడ్డ ఎవరికీ కాకుండా పోయింది.

"ఏమప్పా, మనిషి ఎదురుగా నిలబడి ఉండాది, ఆర్డరు రాలేదంటావా?" అని అరిచాను.

"ఊరుకో నాయనా," అని సుజాత నన్ను గేటు పక్కన నాపరాయి బెంచీ మీద కూర్చోబెట్టింది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. తాళాలు చేతి నుంచి చేతికి ఇవ్వరు. డ్యూటీ దిగేవాళ్ళు కింద పెడతారు, ఎక్కేవాళ్ళు తీసుకుంటారు. తీసుకున్నాక ఇంకొకరు వచ్చేదాకా కదలకూడదు. ఆడవాళ్ళ గది తాళాలు ఆడ వార్డరే తీసుకోవాలి.

ఖాకీ చీర కట్టిన పెద్దావిడ ఒకామె వచ్చింది. ముందు పన్ను లేదు. మణికట్టుకు దర్గా దారం. తాళాల గుత్తి బెంచీ మీద పెట్టింది. రాతి మీద ఇనుము మోగింది. బండల మధ్య బతికినవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలుసు.

"వచ్చినావా మా? శానా దినాలు నిలబెట్టినావు. కాళ్ళు పీకుతాండాయి," అంది. నా వైపు తిరిగి, "ఏంటికప్పా గొంతు చించుకుంటావు? ఈళ్ళకు యాడ వినపడతాది!" అని నవ్వింది.

సుజాత అలవాటు కొద్దీ తాళాలు తీసుకుంది. మేము తలెత్తేసరికి ఆమె లేదు.

సెంట్రీ పరుగెత్తుకొచ్చాడు. "అవి యాడివి మా?"

జైలరు బీరువాలో ఉండాల్సిన తాళాలట. మా ముందే జైలరు బీరువా తీశాడు. కొక్కెం ఖాళీ. ఆమె పోలికలు చెబితే సెంట్రీ గుర్తుపట్టాడు. ఆమె పేరు ఖాసింబీ అట. డ్యూటీలోనే పడి ప్రాణం విడిచిందట. తీసుకునే ఆడమనిషి లేక, ఆమె చేతిలోని తాళాలు మగవాళ్ళే విడిపించి బీరువాలో పెట్టారట. నా కూతురికిచ్చిన ఖాళీ ఆమెదే.

జైలరు బీరువా మూశాడు. సుజాత దగ్గర ఆ తాళాలు తీసుకోవడానికి అక్కడ ఇంకో ఆడ వార్డరు లేదు.

"లోపలికి పో మా," అన్నాడు. "ఆర్డరు వచ్చినప్పుడు వస్తాది."

ఎవరి ఆకతాయితనమో అనుకుందామంటే, బీరువా తాళంచెవి జైలరు నడుముకే ఉంది. ఆ నవ్వు నా చెవులతో నేను విన్నాను. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఇన్ని ఆఫీసులు తిరిగితే, తన డ్యూటీ ఏమిటో తెలిసిన మనిషి నాకు ఆమె ఒక్కతే కనపడింది. ఎట్లా కనపడిందో మాత్రం నన్ను అడగొద్దు.