మత్తు డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

ఇబ్రహీంపట్నం మార్కెట్‌లో బాలనర్సమ్మ దగ్గర పదిహేనేళ్లుగా చేపలు కొంటున్నాను. కాలితో కత్తిపీట తొక్కిపట్టి, చేపకు బూడిద రాసి పొలుసు దులుపుతూ ఆవిడ ఊళ్లో అందరి సంగతులూ చెప్పేది. తన సంగతి మాత్రం ఎప్పుడూ ఒక్కటే, కొడుకు సతీశ్.

"వాడు పుట్టినప్పుడు చెరువుల చుక్క నీళ్లు లెవ్వు సారూ. ఎండిన చెరువుల పుట్టిండు, ఈతల అందరిని ఓడగొడతడు."

"ఇగ షురూ చేసింది కొడుకు పురాణం," అనేది పక్క పీట మీది ఆమె. "సారుకు చేప కోసిస్తవా, హారతి ఇస్తవా?"

భర్త అంజిలయ్య ఎప్పుడో పోయాడు. సతీశ్‌కు నలభై దగ్గర పడుతోంది. తండ్రి తర్వాత మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం అతనికి వచ్చింది. పెద్దచెరువులో వల వేసే హక్కు ఆ సభ్యత్వంతోనే వస్తుంది.

రెండేళ్ల కిందట సంఘంలో ఒక తగవు వచ్చింది. పిల్లలు లేని ఒకాయన పోతే, పెంచుకున్న కొడుకు ఆ సభ్యత్వం తనకు ఇమ్మని అడిగాడు. సంఘం పెద్ద రాంచంద్ర ఒప్పుకోలేదు. "పెంచుకున్నోడు ఇంటికి వారసుడు గావచ్చు. చెరువుకు రక్తం గావాలె," అన్నాడట. అవునని చేతులెత్తిన వాళ్లలో సతీశ్ మొదటివాడు. ఈ సంగతంతా పక్క పీట ఆమె నవ్వుతూ చెబుతుంటే బాలనర్సమ్మ తల వంచి పొలుసు దులుపుతూనే ఉంది. ఆ రోజు నాకిచ్చిన చేపలో చేదు సంచి తీయడం మరిచిపోయింది. కూర చేదెక్కి పారబోశాం. ముసలితనం వల్ల అనుకున్నాను.

పోయిన ఆగస్టులో ఒక సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది.

"సారూ, జర నువ్వు రా. సతీశుకు కడుపుల ఏందో పలిగిందని ఆపరేషన్ చేసిన్రు. మనిషి లేస్తలేడు. డాక్టరమ్మ ఏదో చెప్తుంది, నాకు సమజైతలేదు."

సాగర్ రోడ్డు మీది చిన్న ఆసుపత్రి అది. వరండా నిండా చెరువు మనుషులే. సతీశ్ భార్య తిరుమల ఆపరేషన్ గది తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. రాంచంద్ర ఆమెకు ధైర్యం చెప్పాలని చూస్తున్నాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. మనోడు నీళ్లల్ల మునిగితే ఇగ తేలడనుకునేదాంక ఊపిరి పడతడు. డాక్టరమ్మకు గా సంగతి ఎర్క లేదు." ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు.

మత్తు ఇచ్చిన డాక్టరు నీహారిక, ముప్పై దాటని అమ్మాయి, నన్ను పక్కకు పిలిచింది. అపెండిక్స్ పగిలింది, ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు మందు ఆపేసి గంట దాటింది. అయినా మనిషి ఊపిరి తీసుకోవడం లేదు. వేలు కదలడం లేదు. రెప్ప లేవడం లేదు. యంత్రమే ఊపిరి పోస్తోంది.

"మెదడులో ఏదైనా జరిగి ఉంటే ఇక్కడ ఉంచే ప్రతి నిమిషమూ నష్టమేనండి. సిటీకి పంపాలని పెద్ద డాక్టరుగారు అంబులెన్స్ తెప్పించారు. కానీ సొంతంగా ఊపిరి తీయని మనిషిని ఆ ట్రాఫిక్‌లో ఎల్బీనగర్ దాటించడం కూడా ప్రమాదమే."

"ఇంకేమైనా కారణం ఉండొచ్చా అమ్మా?"

ఊపిరి గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి ఒక మందు ఇస్తారట. అది పది నిమిషాల్లో ఒంట్లోనే విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే పదార్థం కొందరికి పుట్టుకతోనే ఉండదు. వాళ్లకు అది గంటల తరబడి దిగదు. అదే అయితే భయం లేదు, కదపకుండా యంత్రం మీద ఉంచితే దానంతటదే దిగుతుంది. "మన దగ్గర వైశ్యుల్లో ఇది ఎక్కువ. అందుకే ముందే అడుగుతాం. ఈయన్నీ అడిగాను. కాదన్నారు. ఇంకెవరికీ రాదని కాదు, చాలా అరుదు. ఏ సంగతో తేల్చే పరికరం ఇక్కడ లేదు. ఆ అరుదైన దాన్ని నమ్ముకుని నేనాయన్ని ఇక్కడ ఎలా ఉంచను?"

అడిగిన మాట నిజమే. పొద్దున నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా సతీశ్ నవ్వాడట. "కోమటోని లెక్క కనవడుతున్ననా మేడం? నా తాన చేపల కంపు వస్తలేదా?" పక్కనే తల్లి ఉంది.

ఇప్పుడు కూడా మా వెనకే నిలబడి అంతా వింది. వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వైశ్యులైతే బతుకుతడా?"

"అదే కారణమైతే బతుకుతాడమ్మా," అంది నీహారిక.

"కాకపోతే?"

బయట అంబులెన్సు వెనక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. బాలనర్సమ్మ వరండాలోని మనుషులను చూసింది, రాంచంద్రను చూసింది, తిరుమలను చూసింది. "ఈడ గాదు. లోపటికి నడువు," అంది.

లోపల సతీశ్ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. నోట్లో గొట్టం. మంచం పక్కనే నిలబడి, కొడుకు వైపు చూడకుండా, గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

"వీడు నా కడుపున పుట్టలే."

నీహారిక చేతిలో కాగితాలు అలాగే ఆగిపోయాయి.

"కిరాణం శ్యామలమ్మ అని ఉండె. కోమటోళ్లు. ఆమె కోడలు, నేను ఒకటే రోజు నొప్పులతోని దవాఖానకొచ్చినం. నాకు పుట్టింది ఏడ్వలే. ఆమె పిల్లగాడు ఏడ్చిండు, తల్లి పోయింది. మూల నచ్చత్రమన్నరు, తండ్రికి గండమన్నరు, ఇంటికి తేవద్దన్నరు. శ్యామలమ్మ తువ్వాలల చుట్టుకొచ్చి నా ఒళ్లె వెట్టింది. నీకు పాలు వడుతున్నయి గదనే, తాపు అన్నది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ తీసేసింది. "పిల్లగాని తల మీద చెయ్యి వెట్టిచ్చి ఒట్టేయిచ్చుకున్నది. ఎవలకన్న చెప్తే గా తలకే తలుగుతదన్నది. పొద్దున నువ్వు అడిగితివి, గందుకే నోరు దెరవలే. చెప్పకుంటే సస్తడని నాకెట్ల ఎర్క? చెప్తే సస్తడనే తెలుసు. ఇప్పుడు రెండు దిక్కుల సావే గదా బిడ్డా. ఏది చెయ్యాలె నేను?"

"ఆ బాబు తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలా?" డాక్టరు గొంతు మారిపోయింది.

"అవ్. మేనరికమే. మామ కొడుకును చేసుకున్నది."

నీహారిక తలుపు తీసి, అంబులెన్స్ వద్దని చెప్పమని నర్సును పంపింది. పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడుతూ మంచం దగ్గరికి వచ్చి, ఒక్కసారి ఆగింది. సతీశ్ మూసిన కళ్ల చివరి నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తెర మీద గుండె వేగం నూట నలభై చూపిస్తోంది.

"మత్తు ఎప్పుడో దిగింది. ఒళ్లే కదలడం లేదు. ఈయన అంతా వింటున్నాడు," అని నెమ్మదిగా అంది. వెంటనే నిద్రమందు ఎక్కించమంది.

బాలనర్సమ్మ అప్పుడు కొడుకు వైపు చూసింది. ఏడవలేదు. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. మనుషులందరిదీ ఒకే పాత కుదురు. కానీ ఈ నేల మీద డెబ్బై తరాల కిందటో ఎప్పుడో కొన్ని గుంపులు పెళ్లిళ్లకు తలుపులు మూసుకున్నాయి. ఒకే ఊళ్లో పక్కపక్క వీధుల వాళ్ల రక్తాల మధ్య, యూరప్ ఆ చివర ఈ చివర ఉన్నవాళ్ల మధ్య కన్నా ఎక్కువ తేడా కనిపిస్తుందట. మూసిన తలుపు వెనక తాతకున్న చిన్న లోపం మునిమనవడి దాకా తిరుగుతూనే ఉంటుంది. రక్తం చూసి ఎవరి పూర్వీకులు ఎప్పుడు తలుపు వేసుకున్నారో లెక్క కట్టగలుగుతున్నారు. ఆ లెక్కలో బాలనర్సమ్మ ఎక్కడా కనపడదు. ఆ గోడ మీంచి పిల్లవాణ్ణి అందుకుని పాలిచ్చిన మనిషి గుర్తు రక్తంలో మిగలదు.

సాయంత్రం దాకా కాచుకున్నాం. తిరుమల వచ్చి అత్త భుజం పట్టుకుని, "ఏమన్నరత్తా? ఏంటిదట?" అని ఎన్నిసార్లో అడిగింది. మందు పడలేదట, దిగుతుందట అని నేనే చెప్పాను. ఐదున్నరకు సతీశ్ చూపుడువేలు కదిలింది. నిద్రమందు ఆపేశారు. ఆరున్నరకు కళ్లు తెరిచాడు. గొట్టం తీసే ముందు బలం వచ్చిందో లేదో చూడాలని నీహారిక అంది.

"సతీశ్ గారూ, అమ్మ చెయ్యి గట్టిగా నొక్కండి."

బాలనర్సమ్మ కొంగుకు తుడుచుకుని చెయ్యి చాపింది. పొలుసులూ ముళ్లూ గీసిన గాట్లతో నల్లబడిన చెయ్యి. దాన్ని కొడుకు అరచేతిలో పెట్టింది. వేళ్లు కదల్లేదు.

"ఇంకా బలం రాలేదేమో," అంటూ డాక్టరు తన చెయ్యి పెట్టింది. ఆ అమ్మాయి ముఖం నొప్పితో చిట్లింది. "చాలు, చాలు, వదలండి," అని నవ్వింది. నవ్వి, బాలనర్సమ్మను చూసి తల దించుకుంది.

ఇంటికి పంపేటప్పుడు ఒక కార్డు రాసిచ్చారు. ఈ మనిషికి ఫలానా మందు ఎన్నడూ ఇవ్వకూడదని. జేబులో ఎప్పుడూ పెట్టుకోవాలట. ఆ కాగితం ఏంటిదని రాంచంద్ర అడిగితే, మందు చీటీ అని చెప్పి సతీశ్ మడిచి పెట్టుకున్నాడు. అందుకే ఇక్కడ పేర్లు మార్చి రాశాను.

తర్వాతి సంగతి దసరా వెళ్లాక ఆవిడే చెప్పింది, చేప కోస్తూ, తల ఎత్తకుండా.

పదకొండు రోజులు సతీశ్ తల్లితో మాట్లాడలేదట. పన్నెండో రోజు పొద్దున వాకిట్లో నిలబడి అడిగాడట: "నీకు పుట్టింది ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. "ఆడపిల్ల," అంది.

"యాడ వెట్టిన్రు?"

"మీ బాపు తీస్కపోయిండు. ఎండిన చెరువుల, తూము దిక్కు అన్నడు."

కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వద్దన్నా వినకుండా కట్ట మీదికి నడిచాడు. ఆవిడ వెనక పోయింది. చెరువు నిండా నీళ్లు. చూపించమన్నాడు. గాడ అని చూపింది. కాదు, గాడ అంది. కట్ట పొడుగునా నడుస్తూ చూపిస్తూనే ఉంది. అంజిలయ్య ఇంకేమీ చెప్పలేదు, ఆవిడ ఆ పిల్ల ముఖం చూసిందే లేదు.

"'గింత లోతులనా' అన్నడు సారూ. గా జాగల ఇరవై ఏండ్ల సంది వల ఏస్తున్నడు. ఇగ ఆడ వల ఎయ్యకు కొడుకా అన్న."

చేప ముక్కలు కవర్లో వేసి నా చేతికిచ్చింది.

"అప్పటి సంది తూము దిక్కు పోతలేడు. నాతోని మాట్లాడుత గూడ లేడు."