కొసరు అరవై కాయలు

మా అక్క కూతురు బడి కోసం మా ఇంట్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. తన లెక్కలు చూడడం నా పని. బీటెక్ చదివిన నాకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ ఆ హక్కు లేదనుకునేవాణ్ణి. మామిడికుదురు నుంచి వదిన కాపురానికొచ్చిన ఆరు నెలలకి, పిల్ల పుస్తకం పట్టుకుని వంటింటి వైపు నడవడం మొదలుపెట్టింది.

ఆ రోజు లెక్క ఇది. ఒక రైతుకి రెండు కొబ్బరితోటలు. మొదటి తోటలో దిగిన కాయలకి రెట్టింపు, పైన ఇంకో అరవై, రెండో తోటలో దిగాయి. మొత్తం 840. ఏ తోటలో ఎన్ని?

నేను వరుసగా చెప్పాను. ఒకటి, మొదటి తోట కాయలు x అనుకో. రెండు, రెండో తోటవి 2x + 60. మూడు, రెండూ కలిపి సమీకరణం రాయి. నాలుగో మెట్టుకి రాకముందే పిల్ల లేచి వెళ్లిపోయింది.

వదిన పుట్టింటివారు కొబ్బరికాయల వ్యాపారులు. కొన్నవాడికి ఇచ్చే కొసరు కాయలు వాళ్లు ముందే తీసి పక్కన పెడతారు, లెక్కలో కలపరు.

"ఆ అరవై కొసరమ్మా. పక్కన పెట్టెయ్," అంది వదిన బియ్యం ఏరుతూనే. "మిగిలింది మూడు రాశులు చెయ్యి. ఒకటి ఈ తోటది, రెండు ఆ తోటవి."

260, 520. పిల్ల రాసేసి వదిన భుజం మీద వాలింది. నా దగ్గర ఎప్పుడూ అలా వాలలేదు.

తర్వాత పుస్తకం నా ముందు పెట్టి ఒకసారి చూడమంది. తప్పు వెంటనే కనిపించింది. రెండూ కలిపితే 780. పక్కన పెట్టిన అరవై తిరిగి రెండో తోటలోకి రాలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది.

"బాగానే ఉంది," అన్నాను.

మర్నాడు సాయంత్రం వరకూ హాయిగా ఉన్నాను. పిల్ల బడి నుంచి వచ్చి నేరుగా వదిన దగ్గరికెళ్లింది. "టీచరుగారు కొట్టేసేరు. కొసరు మళ్లీ కలపాలంట అత్తా."

వదిన నవ్వేసి, తన పుట్టింటి అలవాటే కొంప ముంచిందని ఒప్పేసుకుంది. పిల్ల నావైపు తిరిగింది.

"నువ్వు చూసేవు కదా మావయ్యా."



"మావయ్య పనిలో ఉండగా పెట్టుంటావు పుస్తకం," అంది వదిన.

నేను ఏ పనిలోనూ లేను. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఇద్దరూ నేలమీద కూర్చుని ఇంకో లెక్క చేశారు. వచ్చిన అంకెలు వాళ్లే కలిపి చూసుకున్నారు. సరిపోయాయి. పిల్ల పుస్తకం నాకు చూపించకుండానే సంచిలో పెట్టేసుకుంది.