ముప్పైలో పన్నెండు పీరియడ్లు

పోయిన మంగళవారం ఉదయం పదీ పదికి, సీతమ్మధారలో మా ఇంటి హాల్లో, మా మనవరాలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ కాలేజీలో ఏ కోర్సు తీసుకోవాలో తేల్చుకోవడానికి అది చూస్తున్న జాబితా అందులో ఉంది. ప్రతి కోర్సు పేరుకూ ఎదురుగా, చదువు ముగిశాక రాగల జీతం ఎంతో ఒక అంకె వేసి ఉంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని పై నుంచి కిందదాకా ఒక్క వరస కూడా వదలకుండా చూశాను. నేను చదివిన బి.ఏ. కూడా ఉంది గాని దాని ఎదుట అంకె లేదు, చిన్న గీత గీసి ఊరుకున్నారు. అది చూసి నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. యాభై రెండేళ్ల కిందట, ఈ చదువు ఎందుకు పనికొస్తుందన్న ఇదే సందేహంతో మా మేనమామ నన్ను చదువు మాన్పించడానికి కాలేజీకి వచ్చాడు. ఆయన్ను అంత దూరం రప్పించింది కూడా స్వయానా నేనే.

మాది సబ్బవరం పక్కన వ్యవసాయం చేసుకునే కుటుంబం. లెక్కల్లో నాకు మంచి మార్కులు వస్తున్నాయని మా నాన్న నన్ను విశాఖపట్నంలో కేథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీలో చేర్పించి, హాస్టల్లో ఉంచి, నా మంచిచెడ్డలు చూసే భారం మా మావయ్యకు అప్పగించాడు. మావయ్య రేవులో ఓడల సరుకు ఎక్కించి దించే కళాసీలకు మేస్త్రీ. సంతకం తప్ప ఇంకేమీ రాయలేడు గాని, ఏ బస్తా ఎక్కడ పెడితే ఓడ ఒరగకుండా నిలుస్తుందో ఆయన్నడిగే చేసేవారు.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ఏ గ్రూపు తీసుకున్న పిల్లయినా సరే, తన సబ్జెక్టులతో పాటు ఇంగ్లీషు, తెలుగు, నీతిశాస్త్రం, తర్కం, సంగీతం చదివి తీరవలసిందే. మమ్మల్ని మతంలో కలిపేసుకుంటారని ఊళ్లో కొందరు మా అమ్మను భయపెట్టారు గాని, ఉదయం ప్రార్థన జరిగేది రెండు నిమిషాలు, అందులో మేము కళ్లు మూసుకుని నిలబడితే చాలు; సిస్టర్లకు పట్టుదలంతా ఈ అయిదింటి మీదే. హాస్టల్లో మరో వింత కూడా ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ అరవై ఎనిమిది మందిమీ నోరు మెదపకుండా తినాలి, ఒకమ్మాయి మాత్రం చిన్న పీట మీద నిలబడి ఏదో ఒక కథల పుస్తకం పైకి చదవాలి. ఇరవై నిమిషాలకు గంట కొట్టగానే, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, వాక్యం మధ్యలో ఆపేసి పుస్తకం వార్డెను సిస్టరుకు ఇచ్చేయాలి. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ముందు ఏం జరుగుతుందో తెలియక పప్పన్నం గొంతు దిగని రోజులు మన తరంలో హాస్టళ్లలో చదివిన వారికి కొందరికైనా అనుభవమే అయి ఉంటుంది.

నాకు మొదట్నుంచీ ఉన్నదున్నట్టు రాసే గుణం. మొదటి సంవత్సరం రెండో టర్ములో, ఎలా చదువుతున్నావని మా నాన్న ఉత్తరం రాయిస్తే, నేను టైంటేబులు ముందు పెట్టుకుని జవాబు రాశాను. వారానికి ముప్పై పీరియడ్లు. లెక్కలు, ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం కలిపి పద్దెనిమిది. ఇంగ్లీషు నాలుగు, తెలుగు మూడు, నీతిశాస్త్రం రెండు, తర్కం రెండు, సంగీతం ఒకటి, వెరసి పన్నెండు. ఇవి గాక భోజనాల దగ్గర కథలు వారానికి రెండు గంటలు. కింద గీత గీసి, అయిదింట రెండు పాళ్లు గ్రూపుకు సంబంధం లేని చదువు అని కూడా రాశాను. నా మటుకు అది నిజాయితీ. మా నాన్నకు అది నేను పెట్టుకున్న మొర అనిపించింది. ఉత్తరం మావయ్యకు చేరింది. ఆయన అప్పటికే ఆనందపురంలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నాకు గుమాస్తా పని మాట్లాడి, సోమవారం చేరుతుందని మాట కూడా ఇచ్చేసి, శనివారం పన్నెండున్నరకు హాస్టలు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒలే గుంటా, అయిదు బస్తాల్లో రెండు సముద్రంలో పారేత్తే మేస్త్రీగోడు సూత్తూ ఊరుకుంటాడేటి? పెట్టి సర్దు" అన్నాడు.

ఉండిపోతానని ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు, లెక్క వేసి చూపించింది నేనే కదా. పెట్టె సర్ది వరండాలోకి తెచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. ఆ వారం పుస్తకం చదివే వంతు నాది. ఈ ఒక్క పూటా చదివేసి వెళ్లమని వార్డెను సిస్టరు అన్నారు, మావయ్యకు మగవాళ్లు లోపలికి రాకూడదని హాలు కిటికీ బయట వరండాలో పీట వేయించి, మాతో పాటే అన్నం పెట్టించారు.

అప్పుడు నడుస్తున్న కథ ఒక పడవవాడిది. ఏరు పొంగి గాలీ వానా రేగుతున్న సాయంత్రం పడవవాడు ఎనిమిది మందిని ఎక్కించుకుని, తొమ్మిదో మనిషి అయిన ఒక ముసలమ్మను ఒడ్డున వదిలేసి వెళతాడు. తెల్లారేసరికి ఆవిడ కనిపించదు. ఊరి పెద్దలు పడవవాణ్ణి నిలదీస్తారు. పడవ ఎనిమిది మందికే, ఎనిమిది మందినే ఎక్కించాను, నా తప్పేముందని వాడంటాడు. నేను అక్కడిదాకా వచ్చేసరికి కిటికీలోంచి మావయ్య గొంతు వినిపించింది.

"ఆగే గుంటా. పడవకి తలకాయల లెక్కేటి? నీటి గీత సూడొద్దా?"

మౌనంగా తినవలసిన హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సరిగ్గా అప్పుడే గంట కూడా కొట్టారు. నేను పుస్తకం మూసి ఇచ్చేశాను. పెద్దలు ఏం తీర్పు చెప్పారని మావయ్య అడిగితే, సోమవారం దాకా ఎవరికీ తెలియదని సిస్టరు బీరువా తాళం చూపించారు. ఆయనకు అది అన్యాయంగా తోచింది. అంతలో నీటి గీత అంటే ఏమిటని సిస్టరు నిజంగానే తెలుసుకోవాలని అడిగేసరికి, మావయ్య చెయ్యి కడుక్కుని, బొగ్గుముక్క తెప్పించుకుని, వరండా గచ్చు మీద ఓడ బొమ్మ గీశాడు. ఎంత బరువుకు ఎంత మునుగుతుందో, గాలి లేచినప్పుడు ఎంత తగ్గించి ఎక్కించాలో చెబుతుంటే హాస్టలు పిల్లలందరం చుట్టూ మూగిపోయాం. అరగంట దాటినా ఎవరికీ కదలాలని లేదు.

ఉన్నట్టుండి మావయ్య నా వైపు తిరిగాడు. "ఆ ఎనిమిది మందిలో సంటిపిల్లలున్నారేటే?"

"ఇద్దరున్నారు మావయ్యా. తల్లుల ఒళ్లో."

"అయితే ముసిల్దానికి సోటుంది" అని, బొమ్మలోని నీటి గీతను బొగ్గుతో మళ్లీ దిద్దాడు. "గానీ గాలుంది కదా. గాల్లో ఎనిమిదీ ఎక్కువే. ఆడు బయల్దేరకుండా ఉండాల్సింది." అంతలోనే, బయల్దేరకపోతే ఆ పిల్లలు రాత్రంతా వానలో ఏమయ్యేవారని తనను తానే ప్రశ్నించుకున్నాడు.

ఆ కథ వారం రోజులుగా నేనే చదువుతున్నాను. ఎనిమిదికి ఎనిమిది సరిపోయింది గనక పడవవాడి తప్పు లేదని మొదటి రోజే నా మనసులో తీర్పు ఇచ్చేసుకున్నాను. పిల్లలున్న వాక్యం నా నోటితోనే చదివాను, లెక్కలోకి మాత్రం తీసుకోలేదు. ఆ మాట సిగ్గు విడిచి అక్కడే చెప్పేశాను.

సిస్టరు మావయ్యతో నెమ్మదిగా అన్నారు. "మీ మేనకోడలి లెక్క ఎప్పుడూ తప్పదు. మీరు అడిగిన ప్రశ్న తను అడగలేదు, అంతే. అది అలవాటు చేయడానికే మేము ఆ పన్నెండు పీరియడ్లు పెట్టుకున్నాం."

మావయ్య గచ్చు మీది బొమ్మ కేసి, నా కేసి మార్చి మార్చి చూశాడు. "అయితే దీనికి పన్నెండు సాల్తాయేటమ్మా?" అన్నాడు.

పిల్లల నవ్వులు ఆగేలోపే ఆయన నా పెట్టె భుజాన ఎత్తుకుని, ఎక్కడ పెట్టమంటారని సిస్టరును అడిగాడు. ఆనందపురం కాంట్రాక్టరుకు ఏం చెప్పాడో నాకు ఈ నాటికీ తెలియదు. సోమవారం తీర్పు వచ్చింది, పెద్దలు పడవవాణ్ణి తప్పు లేదని వదిలేశారు. నేను ఆ సంగతి రాస్తే, మావయ్య రేవులో ఒక గుమాస్తా చేత మూడు పేజీల అభ్యంతరం రాయించి పంపాడు. తర్కం క్లాసులో దాన్ని చదివి వినిపించారు. ఆ తరువాత డిగ్రీ పూర్తయ్యేలోపు ఆయన ముప్పై ఒక్క శనివారాలు వచ్చి ఆ కిటికీ పక్కన కూర్చున్నాడు. నన్ను చూడడానికే వస్తున్నానని ఆయన అనేవాడు, నేను నమ్మినట్టే ఉండేదాన్ని.

చదువయ్యాక రేవు దగ్గర ఒక ఓడసరుకుల కంపెనీలో ముప్పై నాలుగేళ్లు పని చేశాను. ఒకసారి తొమ్మిది మంది కూలీల హాజరు ఏడేసి రోజులు తక్కువ పడిందని, ఆ మేరకు కూలి కోయమని కాగితం వచ్చింది. నాకు ముందు ముగ్గురు కూడి, సరిగానే ఉందని సంతకాలు పెట్టారు. కూడిక నిజంగానే సరిగా ఉంది. ఆ ఏడు రోజులూ వాళ్లు ఎక్కడున్నారని అడిగితే, బయట సముద్రంలో లంగరేసిన ఓడకు లాంచీలో వెళ్లారని తేలింది; హాజరు తీసుకున్నది గేటు దగ్గర. వాళ్ల కూలి కోత ఆగింది. ఆ సాయంత్రం ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే నాకు కలిగినంత సంతోషం, లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మా మనవరాలికి ఇదంతా చెబితే శ్రద్ధగా విని, ఏ కోర్సన్నది ఇంకా తేల్చుకోలేదంది. నేను తొందరపెట్టలేదు. ఇప్పటి కాలేజీలకు పిల్లల్ని మాన్పించడానికి మేనమామలు రారు, రానక్కర్లేదు కూడా. ఇంట్లో కూర్చునే చేర్పించవచ్చు, ఇంట్లో కూర్చునే మాన్పించవచ్చు. ఆడపిల్ల పెట్టె సర్దుకునే గండం తప్పింది, అందుకు నాకు ఆనందమే. కానీ పిల్ల అసలు అక్కడ ఏం నేర్చుకుంటోందో చూద్దామని, కోపంతోనైనా సరే, ఒక పూట పని మానుకుని వచ్చి కూర్చుని వినే పెద్దవాళ్లు మాత్రం ఇప్పుడు నాకు ఎక్కడా కనిపించడం లేదు.