గీతలున్న మూత

క్యోటోలో ఆ పాత కోట చూసి బయటికి వచ్చి, గుమ్మం పక్కన చెక్క అరలో విడిచిన బూట్లు ఒక చేత్తో తొడుక్కుంటూ, రెండో చేత్తో ఇంటికి వీడియో కాల్ కలిపాను. నాలుగేళ్ల మా చిన్నవాడు తెర నిండా ముఖం పెట్టి, "అమ్మా, సూడు, నేనే తాగుతున్న!" అని ఒక తెల్లని మూత పైకెత్తి, ఒక్క గుక్కలో ఖాళీ చేసి నవ్వాడు. ఆ మూత చుట్టూ ఎర్ర గీతలున్నాయి. పురుగుమందు కొలుచుకోవడానికి సీసాతో పాటు కంపెనీవాళ్లిచ్చే మూత అది. "వద్దురా" అన్నానో, ఉత్త కేకే పెట్టానో గుర్తులేదు. వాడి నవ్వు నవ్వినట్టే ఉండి, తెర ఆగిపోయింది. మా గుంపు మొత్తానికి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న డబ్బా మమ్మల్ని తీసుకొచ్చిన కంపెనీ ఆఫీసరు భుజాన సంచిలో ఉండేది. ఆయన అప్పటికే జెండా పట్టుకున్న గైడు వెనకాల బస్సు వైపు వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లకు ఇది రాయాలనిపించడానికి కారణం చిన్నదే. ఇందాక పడుకోబోయే ముందు వాడికి చెంచాలో దగ్గు మందు పోసి ఇచ్చాను. ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న మా వాడు ఆ చెంచాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఒకసారి నా ముఖంలోకి చూసి, అప్పుడు తాగాడు. వాడికది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. నాకే ఇంకా అలవాటు కాలేదు.

మాది జూలూరుపాడు దగ్గర ఎరువుల, పురుగుమందుల దుకాణం. ముందు దుకాణం, మధ్యలో గోదాం, వెనక మేముండే ఇల్లు. ఇలాంటి ఇళ్లలో కాపురం చేసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు, బకెట్టు మీదా, గోడ గడియారం మీదా, గొడుగు మీదా, చివరికి పిల్లల స్కూలు సంచి మీదా ఏదో ఒక మందు పేరు ఉంటుంది, కొన్నాళ్లకు అది పేరుగా కాక పువ్వుల డిజైనులా కనిపించడం మొదలవుతుంది. కొలత మూతలు కూడా అంతే. కొత్తవి కొన్ని ఎప్పుడూ మిగిలిపోయేవి. నాలుగు తీసుకుని సబ్బుతో తోమి, నీళ్లలో మరిగించి వంటింట్లో పెట్టుకున్నాను. బీఎస్సీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, కొలత తప్పకూడదన్న పట్టింపు నాది. పిల్లల జ్వరం మందూ, దగ్గు మందూ వాటిలోనే పోసేదాన్ని. "గీత దాకా పోస్తా, గీత దాకా తాగాలి" అంటే చిన్నవాడు మహా బుద్ధిగా తాగి, ఖాళీ మూత తిరగేసి చూపించేవాడు. చూసి మురిసిపోయేదాన్ని. అచ్చం అలాంటి మూతలే, మందు కొలిచి పడేసినవి, గోదాం గడప పక్కన కూడా పడి ఉంటాయని నాకు తట్టనే లేదు.

అడవి వైపు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు చేను దగ్గరికి మంచినీళ్లు పట్టుకుపోవడానికి ఖాళీ డబ్బాలు అడిగేవారు. రెండుసార్లు కడుక్కొమ్మని చెప్పి ఇచ్చేదాన్ని. ఇస్తున్నందుకు లోలోపల కొంచెం గొప్పగా కూడా ఉండేది.

ఆ ఏడాది మిరప తోటల మీద తామర పురుగు విరుచుకుపడింది. రైతులు వారానికి రెండు మందులు మార్చి మార్చి కొట్టారు, మా దుకాణం ముందు పొద్దు గూకేదాకా జనం. టార్గెట్ దాటిన డీలర్లను కంపెనీవాళ్లు భార్యతో సహా జపాన్ తీసుకెళ్లారు. పాస్‌పోర్టు, కొత్త బూట్లు, అక్కడ తినడానికి కారప్పొడి, వీటి హడావిడిలో పడి, పక్కవాళ్ల తోటలు తిన్న పురుగే మమ్మల్ని విమానం ఎక్కించిందన్న మాట అప్పుడు నా మనసులోకి రాలేదు. పిల్లలిద్దరినీ మా అత్తమ్మకు అప్పగించి బయలుదేరాను.

ఆ రోజు ఒక్కరోజులో కోట, బంగారు రేకుల గుడి, కొండ మీది ఎర్ర చెక్క తోరణాల గుడి చూపిస్తామన్నారు. కోటలో నడవా చెక్కలు అడుగు పెడితే చాలు పిట్టల్లా కిచకిచమంటాయి. ఎవరైనా దొంగచాటుగా వస్తే లోపలి వాళ్లకు తెలియడానికేనని చెబుతారని గైడమ్మ ఇంగ్లీషులో చెప్పింది. సత్తుపల్లి నుంచి వచ్చిన డీలరు బాబాయి, "ఇలాంటి నేల మా ఇంట్లో ఉంటే నేను ఆలస్యంగా వచ్చిన రోజు నా పని అయిపోయేదమ్మా" అన్నాడు. "నేలెందుకు, మిమ్మల్ని చూసి గేటు దగ్గర కుక్క చెప్తుందిగా" అని వాళ్లావిడ, పిన్ని, అంటించింది. అందరితో పాటు నేనూ పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే బయటికొచ్చి ఫోన్ చేశాను.

పరుగున బస్సెక్కి మళ్లీ చేస్తే అత్తమ్మ ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మధ్యలోనే మా ఆయనకు చూసింది చెప్పాను.

"ఏందే, గంత భయపడుతున్నవ్? మనింట్ల మూతలు నువ్వు కడిగినవే గదా" అన్నాడు మా ఆయన.

"గోదాంల మూతలు ఎవరు కడిగిన్రు?" అన్నాను.

ఆయన వెంటనే మా దుకాణం పక్కన మెడికల్ షాపు అన్నకు ఫోన్ చేశాడు. ఆ అన్న వెళ్లి చూసొచ్చి, "తాళం ఏసుంది బావా. పిలగాన్ని ఎత్తుకొని ఆటోల పోయిన్రంట" అన్నాడు. ఎక్కడికో ఆ అన్నకూ తెలియదు.

బంగారు గుడి నాకు గుర్తులేదు. చెరువులో దాని నీడ మాత్రం గుర్తుంది, తల వంచుకుని నడిచాను గనక. కానీ మా ఆయన ఫోన్‌లో ఆ రోజు గ్రూపు ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. అందరూ నిలబడితే నేనూ నిలబడ్డాను, నవ్వమంటే నవ్వాను. నా కొడుకు ఉన్నాడో లేడో తెలియని గంటలో తీసిన ఫొటోలో నేను నవ్వుతూ ఉన్నాను. ఎన్నోసార్లు తీసేద్దామనుకుని తీయలేకపోయాను.

ఎర్ర తోరణాల గుడి ముందు రాతి తొట్టిలో నీళ్లు పారుతున్నాయి. పొడుగు కాడ ఉన్న చిన్న గరిటెలు వరసగా పెట్టి ఉన్నాయి. లోపలికి పోయే ముందు చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించాలట. గరిటెను పెదాలకు తాకించకూడదని, నీళ్లు అరచేతిలో పోసుకునే నోట్లోకి తీసుకోవాలని గైడమ్మ ఒకటికి రెండుసార్లు చేసి చూపించింది. పరాయి వాళ్ల పెదాల గురించి అంత జాగ్రత్త. గరిటె నా చేతికొచ్చింది. నీళ్లు పోసుకున్న అరచెయ్యి నోటి దాకా వెళ్లలేదు. అలా నిలబడి ఉండగానే మా ఆయన ఫోన్ మోగింది. అత్తమ్మ, ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసింది.

"బిడ్డా, భయపడకు. దవాఖానల ఉన్నం. నువ్వు ఒర్లితె నా పానం పోయింది, ఫోను ఇంట్లనే పడేసి ఉరికిన. కుండల నీళ్లే పోస్కున్నడట. కని మూత గోదాంలది, వాసన కొడుతున్నది. ఒకసారి కక్కిండు. డాక్టరు మాపటిదాంక ఉంచుమన్నడు. ఇప్పుడైతె మంచిగనే ఆడుతున్నడు." తర్వాత మెల్లగా అంది, "ఎవరు నేర్పిన్రురా నీకు అంటె, అమ్మే గదా దీంట్ల మందు పోస్తది అంటున్నడు."

ఆమె నన్ను దెప్పడానికి అనలేదు. వాడన్నది చెప్పిందంతే. నా చేతిలోని నీళ్లు బూట్ల మీద కారిపోయాయి. తోరణాల కిందికి అందరూ వెళ్లారు, నేను ఆ తొట్టి దగ్గరే కూర్చున్నాను.

ఇప్పుడు మా వంటింట్లో కంపెనీ పేరున్న వస్తువు ఒక్కటీ లేదు. గోదాం గడపకు తలుపు పెట్టించాం. ఖాళీ డబ్బాకు చిల్లు పొడవకుండా దుకాణం దాటనివ్వను. మొన్న కూడా ఒకామె నవ్వుతూనే, "జపాను పోయొచ్చినంక నీ మనసు చిన్నగైంది గదమ్మా, ఖాళీ డబ్బ గూడ ఇయ్యవైతివి" అంది. అంతకుముందు నేను చేతులారా ఇచ్చినవి ఎన్ని పల్లెలకు పోయాయో నాకు తెలియదు. వాటిలో నీళ్లు తాగిన పిల్లలకు ఫోన్‌లో చూసి కేక పెట్టినవాళ్లెవరూ లేరు. ఒకప్పుడు నేనేం పోసినా కళ్లు మూసుకుని తాగి, ఖాళీ మూత తిరగేసి చూపించే పిల్లవాడు కూడా మా ఇంట్లో ఇప్పుడు లేడు. అలా మారమని వాడికి చెప్పింది నేనే.

జపాన్‌లో ఆ మర్నాడు పొద్దున హోటల్ గదిలోంచి ఫోన్ చేస్తే మా పెద్దది, పాప, ఎత్తింది. తమ్ముడు దాని పక్కన, చేతికి అంటించిన దూదితో, ఏమీ జరగనట్టు ఉన్నాడు. "కోటల రాజు ఉన్నడా అమ్మా?" అని అడిగింది పాప. రాజు లేడని, తప్పడుగు పడితే ముందే అరిచి చెప్పే నేల ఉందని చెప్పాను. తర్వాత తమ్ముణ్ణి దగ్గరికి జరగమన్నాను.

"ఇద్దరు వినుండ్రి. గీతల మూతల ఇంక ఏదీ తాగొద్దు, నీళ్లు గూడ తాగొద్దు. ఏది తాగినా ముందు వాసన సూడుండ్రి. జర తేడా ఉన్నా పారబోయుండ్రి."

చిన్నవాడు ఆలోచించి, "నువ్విస్తె?" అన్నాడు.

"నేనిచ్చినా సరే" అన్నాను.