స్టూలెక్కిన నాన్న

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్కు చేతిలోంచి స్క్రూ జారడం పనిలో ఎవరూ చూడలేదు. ఇంట్లో మాత్రం ఈమధ్య అతని చేతిలో ఏదీ నిలవడం లేదు. రోజూ సాయంత్రం టీవీలో ఓ కామెడీ సీరియల్లో ఒక నాన్న వస్తాడు. పాలు పొంగిస్తాడు, చొక్కా తిరగేసి తొడుక్కుంటాడు, పెళ్ళాం చేత చీవాట్లు తింటాడు. అది చూసి మెకానిక్కు భార్యా కూతురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. తన వంక వాళ్ళు ఎన్నడూ అలా చూసి నవ్వలేదని ఒకనాడు అతనికి తట్టింది. మర్నాడు కావాలనే కాఫీలో ఉప్పు కలుపుకుని తాగి, మొహం వికారంగా పెట్టాడు. కూతురు పగలబడి నవ్వింది. అప్పట్నుంచి ఖాళీ లిఫ్టులో తలుపులు మూసుకుని, అద్దం ముందు తూలిపడటం సాధన చేస్తున్నాడు.

నిన్న బల్బు మార్చడానికి స్టూలెక్కినప్పుడు మాత్రం అతను నటించలేదు. స్టూలు నిజంగానే జారింది. టీవీ నాన్న ఎన్నిసార్లు పడ్డా దులుపుకుని లేస్తాడు. ఇతని మణికట్టు పుటుక్కుమంది. తల్లీకూతుళ్ళు ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వారు.

"చెయ్యి లేవట్లేదే," అన్నాడు.

"అబ్బో, ఈయన టీవీలో ఆయన్ని మించిపోయాడు!" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

కూతురు ఫోన్ అందుకుంది. "అయ్యో, వీడియో తియ్యలేదే! నాన్నా, ప్లీజ్, ఇంకోసారి పడవా?"

ఆ పిల్ల అతని మొహంలోకి అంత ఆశగా చూసి ఎన్నేళ్ళయిందో. వాచిపోతున్న చేతిని పొట్టకి అదుముకుని, రెండో చేత్తో స్టూలు నిలబెట్టాడు.

"ఈసారి మొదట్నుంచీ తియ్యమ్మా," అంటూ ఎక్కాడు.